ఆయనది

నా భార్య చనిపోయిన ఏడాది, క్రిస్మస్‌కు ముందు చేసిన తనిఖీలో మా ఇంట్లో పదకొండు వస్తువులు కనబడలేదు.

ఇంట్లో తనిఖీ ఏమిటని నవ్వేవాళ్ళుంటారు. నవ్వవచ్చు. నా భార్య నలభై ఏళ్ళు నవ్వింది. తార్నాకను ఆనుకుని ఉన్న యూనివర్సిటీలో ఒక సైన్సు విభాగానికి నేను స్టోర్ కీపర్‌గా చేరాను, స్టోర్ కీపర్‌గానే రిటైరయ్యాను. విభాగంలో స్టూలు మొదలుకొని త్రాసు దాకా ఏది కొన్నా ముందు నా గదికి రావాలి. నేను దానికి నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, అప్పుడు బయటికి పంపాలి.

నంబరు వేయడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి వస్తువు మీదా రెండు చోట్ల తెల్ల రంగుతో నంబరు రాయాలి. ఒకటి కనిపించే చోట, ఒకటి కనిపించని చోట. కనిపించేది మనుషుల కోసం, కనిపించనిది దొంగల కోసం అని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడు. దొంగ పైనున్న నంబరు గోకేస్తాడు. కింద ఒకటి ఉందని అతనికి తెలియదు.

వస్తువు విరిగిపోయి, ఇక పనికిరాదని కమిటీ తేలిస్తే దాన్ని ‘కండెమ్’ చేయడం అంటారు. అప్పుడు దాని నంబరు మీద ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీయాలి. గీత కింద అది ఎక్కడికి పోయిందో ఒక్క మాటలో రాయాలి: వేలం, వర్క్‌షాపు, చెత్త. ఎర్ర గీత పడ్డ వస్తువు ఇక స్టోరుది కాదు. దాని గురించి స్టోర్ కీపర్‌ను అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఈ పద్ధతిని నేను ఇంటికి తెచ్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో వారాసిగూడలో ఒక గది అద్దెకు తీసుకున్నప్పుడు మా సామానంతా ఒక్క రిక్షాలో పట్టింది. మొదట కొన్నది ఒక రాత బల్ల. దాని మీద హెచ్ 1 అని రాశాను. హెచ్ అంటే హోమ్. తరువాత తార్నాకలో ఈ ఫ్లాటు కొనుక్కునేసరికి నంబర్లు తొంభై దాటాయి. స్టీలు గిన్నెల మీద అందరూ పేర్లు కొట్టిస్తారు. నేను నంబర్లు కొట్టించాను.

“అందరి మొగోళ్ళు పేర్లు కొట్టిస్తే మా ఆయన నంబర్లు కొట్టిస్తడు,” అని ఆమె చుట్టాల ముందు నన్ను ఆటపట్టించేది. “నా నెత్తి మీద గూడ ఒకటెయ్యి, తప్పిపోతే దొరుకుత.”

“నువ్వు స్టాకులోకి రావు,” అన్నాను ఒకసారి.

“మరి దేంట్లకొస్త?”

ఆనాటి డైరీలో ఆ ప్రశ్న రాసుకుని, కింద జవాబుకు రెండు వరుసల జాగా వదిలాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

పద్దెనిమిదో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంతవరకు ఒక్కరోజు తప్పలేదు. పొద్దున్నే రాత బల్ల దగ్గర కూర్చుని నిన్నటి రోజు రాస్తాను. ఎవరు వచ్చారు, ఏం కూర వండారు, మా చర్చి సంఘంలో ఏ వాక్యం మీద చెప్పారు, ఏ వస్తువు కొన్నాం. ఆ సమయంలోనే ఆమె క్యాంపస్‌లోకి నడకకు వెళ్ళేది. నన్ను కూడా రమ్మనేది. రాయడం ఉందనేవాణ్ణి. “రాసుకో,” అని చెప్పులేసుకునేది. నలభై ఏళ్ళలో నేను ఆమెతో పొద్దున నడిచింది నాలుగు సార్లు. ఈ సంఖ్య కూడా డైరీలోదే.

ఆమె నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. ఇతరులతో మాట్లాడేటప్పుడు నేను ‘ఆయన’ను. ప్రభువు కూడా ఆమెకు ‘ఆయనే’. ప్రార్థనలో తప్ప మామూలు మాటల్లో ప్రభువని అనేది కాదు. “ఆయన చూస్కుంటడు,” అంటే ఎవరో వినేవాళ్ళు పోల్చుకోవాలి. పక్క ఫ్లాటావిడ తికమక పడేది.

“ఏ ఆయన అక్కా? ఇంట్లాయననా, పైనాయననా?”

“ఇంట్లాయన నంబర్లేస్తడు. పైనాయన చెరుపుతడు. నడుమ నేను దుమ్ము దులుపుత.”

మాట నాకు వినబడాలనే గట్టిగా అనేది. నేను విననట్టు ఉండేవాణ్ణి.

నేను సంఘ పెద్దను కూడా. పాస్టరుగారు ఊళ్ళో లేనప్పుడు ఇళ్ళలో ప్రార్థనా కూడికలు నడిపేవాణ్ణి. పంట ఎక్కువై, కొట్లు పడగొట్టి ఇంకా పెద్ద కొట్లు కట్టాలనుకున్న ధనవంతుడి ఉపమానం నాకు బాగా అలవాటైన పాఠం. ఆ రాత్రే ప్రాణం పోతే ఇవన్నీ ఎవరివని నేను గొంతు పెంచి అడుగుతుంటే మా ఆడవాళ్ళు తలలు వంచుకునేవారు. నా భార్య మాత్రం తల వంచేది కాదు. నన్నే చూస్తూ ఉండేది. నా పాఠం నచ్చిందనుకునేవాణ్ణి.

మా ఇంట్లో ఎర్ర గీత పడిన వస్తువు ఒక్కటి కూడా లేదని నాకు గర్వంగా ఉండేది. తెల్ల రంగు డబ్బా, ఎర్ర రంగు డబ్బా, రెండు సన్న కుంచెలు బాల్కనీలో ఒక చెక్క పెట్టెలో ఉండేవి. తెల్లది మూడుసార్లు కొన్నాను. ఎర్రది మూత తీసిన పాపాన పోలేదు. మా ఇంట్లో ఏదీ పోదు, ఏదీ పాడవదు. పాడైతే బాగుచేయిస్తాను.

అందుకే ఆ పదకొండు వస్తువులు నన్ను అంతగా కుదిపాయి.

రెండేళ్ళు జబ్బుపడి ఆమె వెళ్ళిపోయింది. ఆమె జబ్బుగా ఉన్న ఆ రెండేళ్ళూ తనిఖీ జరగలేదు. ఆ ఏడు డిసెంబరులో కిటికీకి నక్షత్రం కట్టడానికి కూతురు వచ్చింది. ఇల్లు ఎలాగూ దులుపుతున్నామని రిజిస్టరు తీశాను. వైరు అల్లిన ఇనుప కుర్చీ లేదు. పెద్ద గుండిగ లేదు. రెండు రగ్గులు లేవు. టేబుల్ ఫ్యాను లేదు. చూస్తూ చూస్తూ పదకొండు దాకా వచ్చింది. అన్నీ వాడకుండా వెనక గదిలో పెట్టినవే.

“డాడీ, అమ్మ పోయినప్పుడు ఇంటినిండ జనమే గదా,” అంది కూతురు. “ఆదరణ కూడికకు ఎవరెవరో వచ్చిన్రు. తలుపు మూసిందెప్పుడు?”

“ఆదరించడానికి వచ్చినవాళ్ళు ఫ్యాను ఎత్తుకుపోతారా?”

“ఏమో. పోతేపోనియ్. ఫ్యాను లేక ఆగమైతున్నవా ఏంది?”

ఫ్యాను గురించి కాదని ఆమెకు ఎలా చెప్పడం? మా ఆలుమగల బతుకులో ఒక్కొక్క వస్తువుకు ఒక రోజు ఉంది, డైరీలో ఆ రోజుకు ఒక పేజీ ఉంది. వైరు కుర్చీ మా కూతురు పుట్టిన వారానికి కొన్నది. దాంట్లో కూర్చునే నా భార్య బిడ్డకు పాలిచ్చింది. మనిషి పోయింది, మనిషి కూర్చున్న కుర్చీ కూడా పోయింది. ఆ రోజు డైరీలో ‘పోయినవి: పదకొండు’ అని రాసి, మా ఇంటికి వచ్చినవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఆదివారం గుడిలో ఎవరైనా చేయి కలిపితే, ఈ చేయేనా అనిపించేది. సంఘ పెద్దగా ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ డైరీలో ఉంది కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైన కొద్ది రోజులకు ఒక పొద్దున యూనివర్సిటీ సెక్యూరిటీ ఆఫీసరు ఫోన్ చేశాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు గేటు దగ్గర ఉండే కుర్రవాడు, ఇప్పుడు ఆఫీసరయ్యాడు.

“సార్, ఒకసారి వస్తరా? ఒక నంబర్ గుర్తువట్టాలె. చూస్తే మీ చెయ్యే అనిపిస్తున్నది.”

నాకు సంతోషమే వేసింది. రిటైరయ్యాక నా చేతిరాత కోసం పిలవడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటోలో వెళ్ళాను.

అమ్మాయిల హాస్టలు వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆఫీసరు, ఒక గార్డు, పారిశుధ్య పనుల కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు, అక్కడ ఊడ్చే ఆమె. ఆమెకు అరవై దగ్గర ఉంటుంది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. వాళ్ళందరి మధ్య నేల మీద ఒక వైరు కుర్చీ.

“ఇగో సార్, ఇదే,” అన్నాడు ఆఫీసరు. “హాస్టల్‌ల కొత్తగ సామాను చెక్ చేస్తున్నరు. రిజిస్టర్ల పదిహేడో నంబర్ కుర్చీ కనిపిస్తలేదు. చూస్తే గీడ ట్యాంక్ ఎనక దొరికింది. హెచ్ పదిహేడు. హెచ్ అంటే హాస్టలే గదా? ఈమె రోజూ దీంట్లనే కూసుంటదట.”

“కూసునుడు కాదు సార్,” అన్నాడు సూపర్‌వైజరు. “ఇయ్యాల కుర్చీ, రేపు మంచం. నెలాఖరుకు లిస్టు పంపాలె. ఈమె పేరు తీసేస్త. దొంగతనమని రాసి తీసేస్త, ఇంకెక్కడ గూడ పెట్టుకోరు.”

ఆమె సూపర్‌వైజరును చూడడం లేదు. వచ్చినప్పటి నుంచి నన్నే చూస్తోంది. ఆ చూపులో ఏదో ఎదురుచూపు ఉంది. నాకు అర్థం కాలేదు.

“నేను దొంగతనం చెయ్యలె,” అంది. “ఇచ్చిన్రు.”

“ఎవ్వలిచ్చిన్రో చెప్పమంటే చెప్పదు సార్. పొద్దుగాల్సంది ఇదే పాట.”

“చెప్ప. ఒట్టు పెట్టించుకున్నరు.”

“ఒట్టట! తీసి గట్టు మీద పెట్టు. పని పోతుంటే ఒట్టేంది?”

“పోతే పోతది. ఒట్టు ఒట్టే.”

నేను కుర్చీ వెనక్కి వెళ్ళాను. వీపు ఆనే కమ్మీ మీద హెచ్ 17. ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. ఒకటికీ ఏడుకూ తేడా పోకుండా నేను పెట్టే గీత అది.

కలిగిన మొదటి ఆలోచనను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దొంగ దొరికింది అనుకున్నాను. నెలల తరబడి సంఘంలో ఒక్కొక్క ముఖంలో వెతికిన దొంగ ఇక్కడ, చీపురు పట్టుకుని, నా ఎదురుగా నిలబడి ఉంది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది కూడా.

ఇది హాస్టలుది కాదు, నాది అని చెబితే చాలు. ఆమె నా ఇంటి దొంగ అవుతుంది. చెప్పకుండా ఊరుకుంటే హాస్టలు దొంగ అవుతుంది. ఏదైనా ఆమె పని పోతుంది. నోరు తెరవబోయాను. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు ఒకటి నన్ను ఆపింది. రెండో నంబరు చూడకుండా నేను ఏ వస్తువునూ గుర్తుపట్టానని సంతకం చేయలేదు.

“దీన్ని బోర్లించండి,” అన్నాను.

గార్డు కుర్చీని తలకిందులు చేశాడు. వైర్ల కింద అడ్డకమ్మీ మీద నా తెల్ల అంకెలు. వాటి మీద అడ్డంగా, కొంచెం వంకరగా, ఎర్ర గీత. గీత కింద ఎర్ర రంగుతోనే, గుండ్రటి అక్షరాలతో ఒక మాట.

ఆయనది.

ఆ అక్షరాలు నాకు తెలుసు. మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివిన అక్షరాలు. ‘న’కు తలకట్టు పెట్టేటప్పుడు చివర చిన్న మెలిక తిప్పడం నా భార్యకు అలవాటు. చాకలి పద్దులో, పాటల పుస్తకం అట్ట మీద, నలభై ఏళ్ళు చూసిన మెలిక.

నేను వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. ఆయనది అంటే నాదనే రాసిందనుకున్నాను ముందు. కానీ నా నంబరు కొట్టేసి, నాదని ఎందుకు రాస్తుంది? ఎర్ర గీత కింద రాసే మాట వస్తువు ఎవరిదో చెప్పదు. ఎక్కడికి పోయిందో చెబుతుంది. ఈ నియమం ఆమెకు నేనే చెప్పాను, ఎన్నోసార్లు, ఆమె దుమ్ము దులుపుతుంటే. విననట్టే ఉండేది. అక్షరం పొల్లుపోకుండా విన్నదన్నమాట. కుర్చీ స్టోరులోంచి పోయింది. ఆయనకు పోయింది. ఇక స్టోర్ కీపర్‌ను అడిగే హక్కు ఎవరికీ లేదు, స్టోర్ కీపర్‌కు కూడా.

చింతచెట్ల మీద నుంచి నెమలి ఒకటి అరిచింది. నేను పనిచేసిన కాలమంతా ఆ అరుపు విన్నాను. ఆ పూట మాత్రం కొత్తగా వినబడింది.

“ఏమన్న తెలిసిందా సార్?” అన్నాడు ఆఫీసరు. “హాస్టల్‌దేనా?”

“కాదు. హెచ్ అంటే హాస్టలు కాదు బాబూ. హోమ్. ఇది మా ఇంటి కుర్చీ.”

గార్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. సూపర్‌వైజరు నవ్వలేదు, ఒక అడుగు ముందుకు వేశాడు.

“అయితే మీ ఇంట్లకెళ్ళి ఎత్తుకొచ్చిందన్నట్టు! ఇంక మంచిగున్నది.”

“లేదు. ఎర్ర గీత పడింది చూడండి. ఎర్ర గీత పడిందంటే లెక్కప్రకారం బయటికి వెళ్ళిన వస్తువు. అధికారం ఉన్నవాళ్ళే గీశారు.”

“ఎవ్వలు?”

“మా ఇంటి స్టోర్ కీపర్,” అన్నాను.

ఆఫీసరు తెలివైనవాడు, మరేమీ అడగలేదు. కాగితం అడిగి తీసుకుని, ఈ కుర్చీ మా ఇంటి నుండి ఈమెకు ఇవ్వబడినది అని రాసి సంతకం చేశాను. ‘ఇచ్చితిని’ అని రాయలేదు, నేను ఇవ్వలేదు కాబట్టి. సూపర్‌వైజరు ఆ కాగితం రెండుసార్లు చదివి, “సరే, ఊడువు పో,” అని వెళ్ళిపోయాడు. ఆఫీసరు వెళుతూ ఒక మాట చెప్పాడు.

“సార్, ఆ పైన నంబర్ గూడ ఏమన్న చెయ్యున్రి. లేకుంటే మల్ల ఎవడన్న హాస్టల్‌దే అంటడు.”

ఇద్దరమే మిగిలాం. ఆమె కుర్చీని నిలబెట్టి కొంగుతో తుడిచింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మీరొచ్చిన్రంటే పానం నిమ్మళమైంది సార్. కానీ మీరేమో ఎన్నడు సూడనట్టు సూసిన్రు. తెల్సి గూడ గిట్ల నిలవడ్డరేంది అని మస్తు బాధైంది.”

“నాకు తెలుసని ఎవరు చెప్పారమ్మా?”

“అమ్మనే. నా మోకాళ్ళు నొస్తున్నయని ఒకనాడు అన్న, పొద్దుగాల నడువనీకి వచ్చినప్పుడు. రెండు దినాలైనంక ఆటోల ఏసుకొని తెచ్చింది. మనిషి అప్పటికే బక్కగైంది. దీంట్ల నన్ను కూసోవెట్టి, తాను గీడ నేల మీద కూసున్నది. వద్దమ్మా అంటే ఇనలె. సారుకు చెప్పిన్రా అని అడిగిన. ‘ఆయనకు తెలుసు’ అన్నది. ఇంక ఎవ్వలకు చెప్పకు అని ఒట్టు పెట్టించుకున్నది. సారుకు తెలుసు గదా అని నేను తీస్కున్న. లేకుంటే తీస్కోకపోదును.”

నాకు నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది. ముసలివాణ్ణి, ట్యాంకు గోడ పట్టుకుని నిలబడ్డాను.

“నాకు తెలియదమ్మా. తెలిసింది వేరే ఆయనకు.”

ఆమె అర్థం చేసుకుని, నోటి మీద చేయి వేసుకుంది. “అయ్యో అమ్మా!” అంది పైకి చూస్తూ. “నన్ను గూడ మోసం జేస్తివా!”

ఒట్టు పెట్టించుకున్న మనిషి బతికి లేదు. ఒట్టు తప్పినా అడిగేవాళ్ళు లేరు. పని పోయేటట్టుంది. ఎదురుగా నిలబడ్డవాడు సాక్షి అయి ఉండీ నోరు విప్పడం లేదు. అయినా ఈమె మాట తప్పలేదు. నా రిజిస్టర్లలో ఒక్క చెంచా తప్పకుండా చూసుకున్నానని జీవితమంతా మురిసిన నేను ఆమె ముందు చాలా చిన్నవాణ్ణనిపించింది.

తిరిగి ఆటో ఎక్కలేదు. నడిచే ఇంటికి వచ్చాను. దారిలో మిగతా పది వస్తువుల కోసం కళ్ళు వెతకబోయాయి. ఏ టీ కొట్టు స్టూలు చూసినా బోర్లించి చూడాలనిపించింది. చూడలేదు. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న మాట మీద నేను ఎన్ని కూడికల్లో చెప్పానో డైరీ చూస్తే తెలుస్తుంది. ఆ ఎడమ చేయి నేనేనని ఏ ఒక్కసారీ తట్టలేదు. మెట్రో స్తంభాల నీడలో నడుస్తూ, నన్ను దాటి పోతున్న మనుషులనందరినీ మొదటిసారి అనుమానం లేకుండా చూశాను.

ఇంటికి వచ్చాక చొక్కా అయినా మార్చకుండా వంటింటి స్టూలును బోర్లించాను. ఎందుకో నాకే తెలియదు. బోర్లించి, గోడకు చేరగిలబడ్డాను.

ఎర్ర గీత. ఆయనది.

భోజనం బల్ల కిందికి తల పెట్టి చూశాను. ఎర్ర గీత. ఆయనది. బీరువాకు కనిపించని నంబరు తలుపు లోపలి వైపు, ఆమె చీరల వెనక ఉంటుంది. చీరలు పక్కకు జరిపాను. అక్కడా అంతే. కుట్టు మిషను కింద, సోఫా కింద, గోడ గడియారం వెనక. మంచానికి నేను నంబరు వేసింది చెక్క అడుగున, మనిషి వెల్లకిలా పడుకుంటే తప్ప కనబడని చోట. నడుము నొప్పికి రిటైరైన ఏడు నుంచే నేను ఇలాంటి చోట్లకు వెళ్ళడం మానుకున్నాను. పైన కనిపించే నంబరు చూసి టిక్కు పెట్టేవాణ్ణి. ఆమె మాత్రం వెళ్ళింది. మెట్లెక్కలేని ఒంటితో, ఆ మంచం కింద వెల్లకిలా పడుకుని, ముఖం మీద రంగు చుక్కలు పడుతుంటే, చేయి పైకెత్తి రాసింది.

ఎప్పుడు? డైరీలు తీశాను. ఆమె జబ్బుపడ్డ మొదటి ఏటిది ముందు వేసుకున్నాను. శనివారాలు నేను సంఘ కమిటీకి వెళ్ళేవాణ్ణి. ఒక శనివారం కింద ఇలా ఉంది: ‘సాయంత్రం ఇంట్లో పెయింటు వాసన. పక్క ఫ్లాటులో పని కాబోలు.’ మూడు వారాల తరువాత: ‘మళ్ళీ వాసన.’ ఇంకో పేజీలో: ‘ఆమె చీర కొంగుకు ఎర్ర మరక. అడిగితే బీట్‌రూట్ తరిగానంది. కూర: దొండకాయ.’

అన్నీ రాసుకున్నాను. ఒక్కటీ చదువుకోలేదు.

డైరీ మూసి ఆ గది మధ్యలో నిలబడ్డాను. అదే బీరువా, అదే మంచం. ఆమె పోయినప్పుడు ఇవే ఆమె జ్ఞాపకాలని పట్టుకుని కూర్చున్నాను. ఆమె అప్పటికే వీటన్నిటినీ ఇచ్చేసి, ఇచ్చేసిన వాటి మధ్యే రెండేళ్ళు పడుకుని, లేచి, నాకు అన్నం పెట్టి, దుమ్ము దులిపింది. ఒకరింట్లో అతిథిగా ఉన్న మనిషి ఎంత శ్రద్ధగా దులుపుతుందో అంత శ్రద్ధగా. మా ఇంట్లో నాది అని నేను టిక్కు పెట్టుకున్నది ఏదీ ఆ రెండేళ్ళూ నాది కాదు. అయినా ఏదీ తగ్గలేదు. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను, ఆయన గిన్నెలో తిన్నాను, ఆయన మంచం మీద ఆమె పక్కన పడుకున్నాను. ప్రార్థన చేయాలనుకున్నాను. మోకాళ్ళ మీద ఉండిపోయాను, అంతే.

చివరికి రాత బల్ల దగ్గరికి వచ్చాను. హెచ్ 1. దాని కిందికి పాకడానికి నాకు చాలాసేపు పట్టింది. వెల్లకిలా తిరిగి చూస్తే, నా తెల్ల అంకె అలాగే ఉంది. ఎర్ర గీత లేదు. నంబరు కింద మాత్రం ఆ మాట ఉంది.

ఆయనది.

ఇది ఏ ఆయనది? రాత తప్ప మరేదీ లేని మొగుడికి వదిలేసిన ఒక్క బల్లా? లేక గీత గీయడం నా పని అని వదిలిందా? రంగు అయిపోయిందా? బాల్కనీలో పెట్టె తెరిచాను. ఎర్ర డబ్బా అడుగున రంగు ఇంకా ఉంది, పైన పొర కట్టి. పొర చీలిస్తే కింద పచ్చిగానే ఉంది.

ఆ సాయంత్రం కూతురికి ఫోన్‌లో అంతా చెప్పాను. అంతా విని, “డాడీ, మల్ల ఆ పదకొండు?” అంది.

“ఏం పోలేదు బిడ్డా,” అన్నాను.

మర్నాడు పొద్దున, జీవితంలో మొదటిసారి డైరీ రాయకముందే చెప్పులేసుకున్నాను. ఎర్ర డబ్బా, కుంచె సంచిలో పెట్టుకుని క్యాంపస్‌లోకి నడిచాను. ట్యాంకు దగ్గర ఆమె అప్పుడే ఊడవడం ముగించి కుర్చీలో కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది.

“కూర్చో అమ్మా. నాకు వెనక వైపే పని.”

“రంగు చీరెకంటదేమో సార్?”

“ముందుకు వంగి కూర్చో.”

కమ్మీ మీద నా తెల్ల అంకెల మీదుగా గీత గీశాను. ఇంటి వస్తువు మీద నేను గీసిన మొదటి ఎర్ర గీత. అది నా భార్య గీత కంటే వంకరగా వచ్చింది. కింద ఆ మాట రాశాను. ‘న’ చివర మెలిక నాకు కుదరలేదు.

“ఏం రాసిన్రు సార్?”

చెప్పాను.

“ఏ ఆయనది?” అని వెనక్కి తిరగకుండానే నవ్వింది. “ఈసారన్న మంచిగ అడిగి తెలుసుకోవాలె గదా.”

నేను కూడా నవ్వాను. రంగు ఆరేదాకా ఆమె కదలడానికి లేదు. నేను నిలబడలేక, ట్యాంకు గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. నా భార్య కూర్చున్న చోటు అదేనని ఆమె చెప్పింది. కింద కూర్చున్నవాళ్ళకు కుర్చీ అడుగు కనబడుతుంది. వైర్ల కింద, పొద్దుటి వెలుగులో, ఆ గుండ్రటి అక్షరాలు వంగకుండానే, బోర్లించకుండానే స్పష్టంగా కనబడుతున్నాయి.